గుండె లయ తప్పడం మన రక్తంలోని దోషమా?

(కుప్పం, పుంగనూరు, మదనపల్లె పట్టణాలలో జరిగిన ఆరోగ్య అవగాహన సభలలో చేసిన ప్రసంగ పాఠం)



మేము వైద్యులం కాము. ప్రసంగానికి ముందు ఆ మాట స్పష్టంగా చెప్పుకోవడం మా బాధ్యత. మా బృందంలో ఎక్కువమందిమి ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాలుగా దస్త్రాలు రాసి పదవీ విరమణ చేసినవారం. ముప్పై ఏళ్ళు రిజిస్టర్లలో గడులు నింపినవారికి ఒక అలవాటు మిగిలిపోతుంది. ఖాళీగా వదిలిన గడి కనిపిస్తే మనసు ఊరుకోదు. ఈ రోజు మేము మాట్లాడబోయేది అటువంటి కొన్ని ఖాళీ గడుల గురించే.

కుప్పం సభలో ఒక యువకుడు లేచి ఇలా అడిగాడు: "సాబ్, మా అబ్బాకు ఎప్పుడూ గుండె దడ. మా ఫుప్పూకు నలభై ఏళ్ళకే పక్షవాతం వచ్చింది. ఇది మీవాళ్ళ రక్తంలోనే ఉందని మా వీధిలో ఒకాయన అంటున్నాడు. నిజమేనా?" ఆనాడు మా వద్ద సరైన సమాధానం లేదు. తెలిసిన వైద్యులను అడిగి, చదివి, అర్థం చేసుకున్నంత మేరకు ఇప్పుడు చెబుతున్నాము.

ముందుగా గుండె లయ అంటే ఏమిటో చూద్దాం. గుండె పై గదిలో, కుడివైపున ఒక చిన్న కణజాలం ఉంది. నిమిషానికి 60 నుండి 100 సార్లు అది విద్యుత్ సంకేతాన్ని పంపుతుంది. ఆ సంకేతం ప్రకారం ముందు పై గదులు, తరువాత కింది గదులు ముడుచుకుంటాయి. జమాతులో ఇమాము తక్బీరును అనుసరించి వరుసలన్నీ కదిలినట్లు ఇది జరుగుతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే వ్యాధిలో ఈ క్రమం చెడిపోతుంది. పై గదులు నిమిషానికి 350కి పైగా అస్తవ్యస్తపు సంకేతాలతో వణుకుతూ ఉంటాయే గాని ముడుచుకోవు. నాడి పట్టి చూస్తే దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఒక పద్ధతిలో ఉండదు.

దడ ఒక్కటే అయితే మనిషి ఓర్చుకోగలడు. అసలు ప్రమాదం వేరే ఉంది. కదలిక లేని పై గదిలో రక్తం నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ విడిపడి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణ ప్రజలను దీర్ఘకాలం పరిశీలించి 1978లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఈ లయ దోషం ఉన్నవారికి పక్షవాతం ముప్పు సుమారు 5 రెట్లు ఎక్కువ. రుమాటిక్ జ్వరం వల్ల కవాటం చెడి, దానితోపాటు లయ కూడా తప్పినవారికి అది సుమారు 17 రెట్లు. ఈ రెండవ అంకెను గుర్తు పెట్టుకోండి. మన కథ దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇక రోగ నిరోధక వ్యవస్థ. క్రిములు చొరబడినప్పుడు శరీరం చేసే పోరాటానికి రక్తంలో కొన్ని ఆనవాళ్ళు మిగులుతాయి. వాటిలో సీఆర్‌పీ అనే ప్రోటీన్ ఒకటి. ఇంటర్‌ల్యూకిన్-6 అనే సందేశం అందగానే కాలేయం దీనిని తయారు చేస్తుంది. లయ దోషం ఉన్నవారి రక్తంలో సీఆర్‌పీ ఎక్కువగా ఉన్నదని 2001లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ వైద్యులు ప్రకటించారు. అప్పటినుండి ఈ నిరోధక వ్యవస్థ సూచికలకూ గుండె లయకూ గల సంబంధం మీద ఎన్నో పరిశోధనలు సాగుతున్నాయి.

ఆ సంబంధం అన్ని జాతులలోనూ ఒకేలా ఉంటుందా? ఈ ప్రశ్నకు ఉపయోగపడే పెద్ద అధ్యయనం ఒకటి 2000లో అమెరికాలో మొదలైంది. దాని పేరు మెసా. 45 నుండి 84 ఏళ్ళ మధ్య వయసు గల 6,814 మందిని, తెల్లవారు, నల్లజాతివారు, హిస్పానిక్కులు, చైనా సంతతివారు అనే నాలుగు సమూహాల నుండి చేర్చుకున్నారు. అందులో తేలిన విషయం వినండి. సీఆర్‌పీ సగటున నల్లజాతివారిలో, హిస్పానిక్కులలో ఎక్కువ, చైనీయులలో తక్కువ. నల్లజాతివారిలో రక్తపోటు కూడా ఎక్కువ. ఆ లెక్కన లయ దోషం నల్లజాతివారిలోనే అధికంగా ఉండాలి కదా? కానీ ఎక్కువగా కనిపించింది తెల్లవారిలో. పైగా, మనుషుల బరువును లెక్కలోకి తీసుకున్నప్పుడు సీఆర్‌పీలోని ఆ జాతి తేడాలలో కొంత భాగం తగ్గిపోయింది. అంటే రక్తంలోని ఒక సూచికను చూసి ఫలానా జాతికి ఫలానా జబ్బు అని రాసేయడం కుదరదు.

ఆ నాలుగు సమూహాలలో మనం లేము. భారతదేశం, పాకిస్తాన్, బంగ్లాదేశ్ వంటి దక్షిణాసియా దేశాల సంతతివారికి అక్కడ గడి లేదు. ఆ లోటును పూరించడానికి 2010లో మసాలా అనే మరో అధ్యయనం ప్రారంభమై, శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో ప్రాంతాల నుండి 906 మందిని చేర్చుకుంది. బ్రిటన్ రికార్డులలో మరో విచిత్రం కనిపిస్తుంది. దక్షిణాసియా సంతతివారిలో మధుమేహం, గుండెపోటు ఎక్కువగా ఉన్నా, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ మాత్రం తెల్లవారికంటే తక్కువగా నమోదవుతున్నది. మన రక్తంలోనే ఈ దోషం ఉన్నట్లయితే సముద్రం దాటినవారిలోనూ అది అధికంగా కనిపించవలసింది.

మరి మన దేశంలో ఎలా ఉంది? ఇండియన్ హార్ట్ రిథమ్ సొసైటీ 2011, 2012 సంవత్సరాలలో దేశంలోని వివిధ ఆసుపత్రుల నుండి 1,537 మంది లయ రోగుల వివరాలు సేకరించింది. వారి సగటు వయసు సుమారు 55 ఏళ్ళు. ఐరోపా, అమెరికాలలో ఇది ప్రధానంగా 65, 70 దాటిన వృద్ధుల వ్యాధి. మన రోగులు దాదాపు ఒక తరం చిన్నవారు. ఎందుకు? ఆ 1,537 మందిలో సగానికి కొంచెం తక్కువ మందికి రుమాటిక్ జ్వరం వల్ల చెడిన కవాటాలు ఉన్నాయి. పాశ్చాత్య దేశాల పుస్తకాలలో దాదాపు చరిత్రగా మారిన జబ్బు మన ఆసుపత్రుల వరండాలలో ఇంకా కూర్చుని ఉంది.

రుమాటిక్ జ్వరం గొంతు నొప్పితో మొదలవుతుంది. ఎక్కువగా 5 నుండి 15 ఏళ్ళ పిల్లలకు వస్తుంది. గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి గొంతులో చేరుతుంది. నిరోధక వ్యవస్థ దానిమీద యుద్ధం ప్రకటిస్తుంది. అయితే ఆ క్రిమి పై పొరలోని కొన్ని ప్రోటీన్లకు మన గుండె కణజాలంలోని ప్రోటీన్లతో పోలిక ఉంది. కొందరు పిల్లలలో నిరోధక వ్యవస్థ ఆ పోలికకు మోసపోయి సొంత గుండె మీదనే దాడి చేస్తుంది. రెండు మూడు వారాల తరువాత జ్వరం, ఒక కీలు నుండి మరో కీలుకు మారే నొప్పి, ఆయాసం వస్తాయి. కీళ్ళ నొప్పి తగ్గిపోతుంది, తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకుంటారు. కాని గుండెలోని మైట్రల్ కవాటం మీద పడిన మచ్చ మిగిలిపోతుంది. గొంతు నొప్పి వచ్చిన ప్రతిసారీ మచ్చ మీద మచ్చ చేరి కవాటం సన్నబడుతుంది. పై గది ఉబ్బుతుంది. ఉబ్బిన గది ఒకనాడు వణకడం మొదలుపెడుతుంది. అదే లయ దోషం.

ఈ జ్వరాన్ని గుర్తించడానికి అమెరికా వైద్యుడు డకెట్ జోన్స్ 1944లో కొన్ని ప్రమాణాలు రూపొందించారు. నేటికీ వాటిలో నిరోధక సూచికలు, గుండె లయ పక్కపక్కనే ఉన్నాయి. రక్తంలో ఈఎస్ఆర్, సీఆర్‌పీ పెరగడం ఒక గుర్తు. ఈసీజీలో పీఆర్ అనే విరామం సాగడం మరో గుర్తు. స్ట్రెప్టోకాకస్ వచ్చి వెళ్ళిందనడానికి ఏఎస్‌ఓ పరీక్ష సాక్ష్యం. 2015లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఈ ప్రమాణాలను సవరించి, ప్రజలను రెండుగా విభజించింది. ఆ విభజన జాతిని బట్టి చేసినది కాదు, మతాన్ని బట్టి చేసినది కాదు. ఆ ప్రాంతంలో జబ్బు ఎంత ఉన్నదన్నదే కొలత. ముప్పు ఎక్కువగా ఉన్నచోట తక్కువ జ్వరానికీ, ఒక్క కీలు వాపుకూ కూడా వైద్యుడు అనుమానించాలి.

జాతిని బట్టి నిరోధక సూచిక మారిన సందర్భం లేకపోలేదు. న్యూయార్క్ శాస్త్రవేత్తలు రుమాటిక్ రోగుల రక్తకణాల మీద డీ8/17 అనే గుర్తును కనుగొన్నారు. అక్కడి రోగులలో దాదాపు అందరికీ అది ఉంది. చండీగఢ్‌లోని పీజీఐలో ఉత్తర భారత రోగులను పరీక్షిస్తే సుమారు మూడింట రెండు వంతుల మందిలోనే కనిపించింది. మిగిలినవారికి జబ్బు లేదని కాదు. గుర్తు లేదు, జబ్బు ఉంది. ఒక దేశంలో తయారైన కొలబద్దను మరొక దేశపు మనిషి మీద కళ్ళు మూసుకుని పెట్టకూడదని దీని అర్థం. చండీగఢ్ శాస్త్రవేత్తలు మన రోగులకు సరిపోయే సూచికలను సొంతంగా తయారు చేసుకోవలసి వచ్చింది.

ఈ పాఠం మదనపల్లెకు కొత్తది కాదు. ఇక్కడికి దగ్గరలోని ఆరోగ్యవరంలో 1915లో క్షయ చికిత్సాలయం వెలసింది. మన దేశంలో బీసీజీ టీకాను 1948లో తొలిగా వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. 1950 నుండి ఈ పట్టణంలో, చుట్టుపక్కల గ్రామాలలో డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యంలో ఆ టీకా ఎంతవరకు కాపాడుతుందో ఏళ్ళ తరబడి పరిశీలించారు. మన తాతలు, నానీలు చేతులు చాచి పరీక్షలు చేయించుకున్నవారే. బ్రిటన్ బాలలలో దాదాపు 80 శాతం రక్షణ ఇచ్చిన టీకా, ఇక్కడ అంతకంటే తక్కువ రక్షణ ఇచ్చింది. 1968లో చెంగల్పట్టులో మొదలైన పెద్ద పరిశీలనలో పెద్దలకు ఊపిరితిత్తుల క్షయ నుండి రక్షణే కనిపించలేదు. కారణం భారతీయుల రక్తమా? శాస్త్రవేత్తలు చెప్పే ముఖ్య వివరణలలో ఒకటి వేరు. మన మట్టిలో, నీటిలో క్షయ క్రిమికి దూరపు బంధువులైన క్రిములు ఉన్నాయి. పసితనం నుండి వాటితో పరిచయమైన నిరోధక వ్యవస్థ మీద టీకా ప్రభావం మారిపోతుంది. పసిపిల్లలను మెదడు క్షయ వంటి ఘోర రూపాల నుండి ఆ టీకా నేటికీ కాపాడుతున్నది కనుక తప్పక వేయించండి. మేము చెప్పదలచినది ఒక్కటే. నిరోధక శక్తి తల్లి కడుపులోనే రాసిపెట్టిన జాతకం కాదు. మనిషి తాగే నీరు, పడుకునే గది కూడా దానిని రాస్తాయి.

ఇప్పుడు ఆ యువకుని ప్రశ్నకు వద్దాం. ముస్లిం అన్నది ఒక జాతి రక్తం కాదు. మన ఊళ్ళలో షేక్, సయ్యద్, పఠాన్, దూదేకుల కుటుంబాలు ఉన్నాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న జన్యు పరిశోధనలలో భారత ముస్లింలు, కొద్దిపాటి బయటి ఆనవాళ్ళు మినహా, తమ చుట్టుపక్కల ముస్లిమేతరులకే జన్యుపరంగా దగ్గరివారని తేలింది. కనుక మీ అబ్బా గుండె, ఆ వీధిలోని పెద్దమనిషి గుండె ఒకే మట్టిలోనివి.

అయితే మన మొహల్లాలలో ఈ జబ్బు ముప్పు లేదా? ఉంది. దానికి కారణం ఇరుకు. ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లో ఒకరి గొంతు క్రిమి తెల్లవారేసరికి అందరికీ చేరుతుంది. ఐరోపా, అమెరికాలలో పెన్సిలిన్ రాకముందే, ఇళ్ళు విశాలమవుతున్న కాలంలోనే రుమాటిక్ జ్వరం తగ్గుముఖం పట్టింది. సంపన్న దేశమైన న్యూజిలాండ్‌లో నేటికీ మావోరీ, పసిఫిక్ ద్వీపాల పిల్లలకే ఇది ఎక్కువగా వస్తున్నది. ఇరుకు ఇళ్ళు వారివే కనుక. ఇరుకు ఉన్న ప్రతి వాడలోనూ, అది మాలపల్లె అయినా, నేతగాళ్ళ వీధి అయినా, ఈ జబ్బుకు తలుపు తెరిచే ఉంటుంది. అందువల్ల మా వాదన మా మొహల్లా కోసమే కాదు.

ఇక పుంగనూరు సంగతి చెప్పాలి. ఇది చెప్పడం మాకు సులభం కాదు.

పుంగనూరులో ఒక కూలి కుటుంబం. వారి అమ్మాయికి పదమూడో ఏట కీళ్ళ నొప్పులు, జ్వరం వచ్చాయి. పరీక్షలు చేసిన వైద్యుడు మూడు వారాలకు ఒకసారి పెన్సిలిన్ సూది వేయించమని ఒక కార్డు రాసి ఇచ్చారు. రెండేళ్ళు వేయించారు. తరువాత పెళ్ళి మాటలు మొదలయ్యాయి. ఆ మాటలలో పెద్దమనుషులుగా మేమే కూర్చున్నాము. సూది కార్డు సంగతి చెప్పాలా అని ఆమె తండ్రి మమ్మల్ని పక్కకు పిలిచి అడిగారు. "నొప్పులు తగ్గాయి కదా, ఇప్పుడెందుకు? నిశ్చితార్థం చెడిపోతుంది" అని మేము అన్నాము. ఆయన మా మాట విన్నారు. కార్డు ట్రంకు పెట్టెలోకి వెళ్ళింది. అత్తవారింట తెలియకూడదు కనుక సూదులు ఆగిపోయాయి.

రెండో కాన్పులో ఆమెకు ఆయాసం వచ్చింది. బలహీనత అన్నారు. ముప్పై ఒకటో ఏట, ఒక ఫజర్ వేళ, వజూ చేయబోయి కుడి చెయ్యి లేవక కూలబడింది. మాట పోయింది. ఆసుపత్రిలో నాడి చూసి లయ తప్పిందన్నారు, కవాటం సన్నబడిందన్నారు. ఆ తరువాత ఆమె తండ్రి ట్రంకు తెరిచి ఆ కార్డు మా చేతిలో పెట్టారు. ఒక్క మాట అనలేదు. ముప్పై నాలుగు గడులు నిండి ఉన్నాయి. మిగిలినవి ఖాళీ. మేము జీవితమంతా ఇతరుల రిజిస్టర్లలో ఖాళీ గడులు వెదికినవారం. ఆ ఖాళీలు మాత్రం మా మాట వల్ల మిగిలినవి.

ఆమె ఇప్పుడు ఎడమ చేత్తో రొట్టెలు చేస్తున్నది. మాట కొంత వచ్చింది. తన పేరు చెప్పకుండా ఈ సంగతి అందరికీ చెప్పమని ఆమే అన్నది. అందుకే చెబుతున్నాము.

ఇక చేయవలసిన పనులు. వీటిని వరుసగా చెబుతాము, ఇళ్ళలోని ఆడవాళ్ళకు కూడా చేర్చండి.

పిల్లలకు జ్వరంతో గొంతు నొప్పి వస్తే ఇంటి వైద్యంతో వదలకండి, వైద్యునికి చూపండి. అది స్ట్రెప్టోకాకస్ అయితే, మొదలైన 9 రోజుల లోపల సరైన మందు పడినా రుమాటిక్ జ్వరాన్ని ఆపవచ్చు. వైద్యుడు రాసిన మందును మధ్యలో మానకండి.

రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు పెన్సిలిన్ సూది నొప్పి కోసం కాదు, మరోసారి దాడి జరగకుండా వేసే కాపలా. గుండెకు దెబ్బ తగలనివారికి కూడా కనీసం 5 ఏళ్ళు, దెబ్బ తగిలినవారికి 10 ఏళ్ళు లేదా అంతకుమించి, కొందరికి జీవితాంతం కావాలి. ఎప్పుడు ఆపాలో నిర్ణయించేది వైద్యుడే గాని, పెళ్ళి పెద్దలు కాదు. సూదిని ఆసుపత్రిలోనే వేయించండి. అరుదుగా అది కొందరికి పడదు.

మణికట్టు దగ్గర రెండు వేళ్ళు ఉంచి ఒక పూర్తి నిమిషం నాడి చూడడం అందరూ నేర్చుకోండి. దెబ్బలు ఒక వరుసలో లేకపోతే ఈసీజీ తీయించండి. గర్భిణికి మెట్లు ఎక్కితే ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం ఉంటే బలహీనత అని సర్దుకోకుండా గుండె పరీక్ష చేయించండి. సన్నబడిన కవాటం తొలిసారి బయటపడేది తరచుగా అప్పుడే. కొన్ని కవాటాలను శస్త్రచికిత్స లేకుండా బెలూన్‌తో తెరవవచ్చు. జపాన్ వైద్యుడు కాంజీ ఇనోవే 1984లో ఆ మార్గం చూపారు.

రుమాటిక్ కవాటంతో లయ తప్పినవారు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మాత్ర వాడాలి. ఐఎన్ఆర్ పరీక్ష సాధారణంగా 2కూ 3కూ మధ్య ఉండాలి. పరీక్షలు అవసరం లేని కొత్త మాత్రలు మేలు కదా అని కొందరు అడుగుతారు. 24 దేశాలలో 4,500 మందికి పైగా రుమాటిక్ రోగుల మీద జరిగి 2022లో వెలువడిన ఇన్విక్టస్ పరిశోధనలో పాత మందే మేలైనదని తేలింది. రంజాన్ మాసంలో ఈ మాత్ర మానరాదు. రోజుకు ఒకసారి వేసుకునేదే కనుక ఇఫ్తార్ తరువాత వేసుకునే వీలు ఉంటుంది. నెల మొదలుకాకముందే వైద్యునితో మాట్లాడి వేళ మార్చుకోండి. గర్భం కోరుకునే స్త్రీలు ముందే చెప్పాలి, ఆ మందు శిశువుకు హాని చేయవచ్చు.

ఇవి మన బాధ్యతలు. మన హక్కులూ ఉన్నాయి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లలలో పరీక్షించవలసిన 30 లోపాలు, జబ్బులలో రుమాటిక్ గుండె జబ్బు ఒకటి. బడికి వైద్య బృందం వచ్చిందా, గుండెను స్టెతస్కోపుతో విన్నదా అని అడగండి. మదరసా పిల్లలనూ ఆ పరీక్షలకు చేర్చమని కోరండి. పేదలకు పెద్ద చికిత్సల కోసం 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం నేడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో ఉంది. కవాటం చికిత్సకు కార్డు తీసుకుని వెళ్ళండి. 2018లో ప్రపంచ ఆరోగ్య సభ ఈ జబ్బును అరికట్టాలని తీర్మానించింది. ఆ తీర్మానం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పెన్సిలిన్ సూదిగా మారినప్పుడే దానికి విలువ.

మా వంతుగా మేము ఒక చిన్న పని మొదలుపెట్టాము. కుప్పం, పుంగనూరు, మదనపల్లెలలో ఒక్కొక్క రిజిస్టర్ తెరిచాము. సూది వేయించుకోవలసిన పిల్లల వివరాలు అందులో ఉంటాయి. అవి ఎవరికీ చూపము. తేదీ దాటితే మాలో ఒకరు ఆ ఇంటి తలుపు తడతారు. మతం అడగము, ఏ వాడ పిల్లలనైనా రాసుకుంటాము. గుమాస్తాలకు తెలిసిన విద్య ఇదొక్కటే.

పెళ్ళి మాటలలో కూర్చునే పెద్దలకు ఒక విన్నపం. సూది కార్డు ఉన్న పిల్లను లోపం ఉన్న పిల్ల అనకండి. జబ్బును దాచమని సలహా ఇవ్వకండి. సూది ఆగని పిల్ల తన పిల్లలను పెంచి పెద్ద చేస్తుంది. దాచమని ఒకసారి సలహా ఇచ్చి, దాని ఫలితాన్ని రోజూ చూస్తున్నవారం చెబుతున్న మాట ఇది.

కుప్పం సోదరునికి మా సమాధానం: దోషం మన రక్తంలో లేదు. ముందు ఫుప్పూను అడుగు, చిన్నప్పుడు కీళ్ళ నొప్పులతో జ్వరం వచ్చిందా అని. అబ్బా నాడి చూడు, ఈసీజీ తీయించు. ఇంట్లో ఎవరి వద్దనైనా సగం నిండిన కార్డు ఉంటే దానిని పెట్టెలోంచి బయటికి తీయి.